అందరికీ తూర్పు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు అమ్మి చూడు అని మాత్రం అనలేదు. ఆ పెద్దలెవరికీ దక్షిణం వాకిలి ఉండి ఉండదని తవిటయ్య అభిప్రాయం.

తవిటయ్య ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా పని చేసి రిటైరైనవాడు. నందిగెడ్డ పట్టణంలో, రెల్లివీధి మలుపు దాటాక అతని ఇల్లు. ఆ ఇంటికి వంక పెట్టడానికి లేదు. గోడలు గట్టివి. బోరులో నడివేసవిలో కూడా నీళ్ళుంటాయి. సాయంత్రమైతే హాల్లో ఫ్యాను వెయ్యక్కర్లేదు. ఒక్కటే లోపం, ఇల్లు దక్షిణం వైపు చూస్తుంది. అది యముడు ఉండే దిక్కు.

దీనికి విరుగుడు ఇల్లు కట్టే రోజుల్లోనే దొరికింది. వాస్తు తెలిసిన ఒక పెద్దమనిషి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "మెట్లు ఎక్కువ పెట్టీ తవిటయ్యా. యముడు దేని మీదొస్తాడు? దున్నపోతు మీద. దున్నపోతు మెట్లెక్కుతాదా?" అన్నాడు. ఆ మాటలో న్యాయం కనిపించింది. పునాది ఎత్తు లేపి, లాభం, నష్టం, లాభం, నష్టం అని లెక్కపెట్టుకుంటూ, ఆఖరిది లాభంలో పడేట్టు నిటారుగా పదకొండు మెట్లు కట్టించాడు తవిటయ్య.

విరుగుడు బ్రహ్మాండంగా పనిచేసింది. ఇరవై ఆరేళ్ళలో దున్నపోతు ఎక్కిన దాఖలా లేదు. కాకపోతే రెండేళ్ళ కిందట తవిటయ్య భార్య నూకరత్నానికి మోకాళ్ళు పోయాయి. అప్పట్నించీ ఆమె కూడా ఎక్కడం దిగడం మానేసింది. ఈ ఏడాది మొత్తానికి మూడుసార్లు కిందకి దిగింది, మూడూ ఆసుపత్రికే. కూరలమ్మే వరాలు వచ్చి కేకేస్తే తాడు కట్టిన బుట్ట కిందకి వదులుతుంది. మిగిలిన పొద్దంతా గుమ్మంలో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూచుంటుంది.

"మనుసుల మొకాలు మర్సిపోతన్నానయ్యా. అందరి నడినెత్తులే కనబడతన్నాయి. ఎదురింటి సింహాచలం తాతకి బట్టతల వొచ్చీసింది, నీకు తెలుసా?" అంది ఒకరోజు.

నవ్వుతూనే అంది. తవిటయ్యకి మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. మెట్లు కట్టించిన చెయ్యి తనదే మరి.

సరిగ్గా అప్పుడే రెండు వీధుల అవతల ఆదిలక్ష్మి టీచరు ఇల్లు అమ్మకానికి వచ్చింది. వీధికి సమానంగా గచ్చు, మెట్టన్నది లేదు, గడప దాటితే జనం. టీచరు తన చెల్లెలి ఊరు వెళ్ళిపోతోంది. "మీ కోసం శ్రావణమాసం మొదటి శుక్రవారం దాకా ఆగుతాను తవిటయ్య గారూ. ఆ తరవాత ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చేస్తాను, ఏమీ అనుకోకండి" అంది. అప్పటికి చైత్రమాసం. టీచరు ఇల్లు కొనాలంటే ముందు ఈ ఇల్లు అమ్ముడుపోవాలి. పదకొండు మెట్లకీ ఆ గడపకీ మధ్య నాలుగు నెలలు ఉన్నాయి.

తవిటయ్య బ్రోకరు దాలినాయుణ్ణి పిలిచాడు. ఇళ్ళమ్మే విద్యలో దాలినాయుడు దిట్ట.

"గోడలకి లేత పసుపు రంగెయ్యండి. అటక మీదున్న సామాను సుట్టాలింట్లో పెట్టీండి, గదులు పెద్దగా అవుపిస్తాయి. కొనేవోళ్ళొచ్చే ముందు రెండేలక్కాయలు నీళ్ళలో మరిగించీండి, ఇల్లు పాయసం వాసనేస్తాది. బోరు మోటారెయ్యండి. ఆఖరి మాట అసలైన మాట, మబ్బు రోజు సూసి పిలవండి. సూరీడు కనబడకపోతే దిక్కెవుడికి తెలుస్తాది?"

అన్నీ చేశారు. మొదటి మబ్బు రోజున వచ్చినాయన గాలికి మురిసిపోయాడు, నీళ్ళు తాగి మెచ్చుకున్నాడు, వెళ్ళబోతూ జేబులోంచి ఫోను తీసి అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఫోనులో దిక్సూచి ఉంటుందని దాలినాయుడికి తెలియదు. రెండోసారి వచ్చిన దంపతులు గుమ్మం దాకా రానేలేదు, ఏడో మెట్టు మీదే ఫోను తీశారు. మూడోవాళ్ళు వీధిలోంచే తిరిగిపోయారు. ఏలకుల ఖర్చు దండగైంది.

ఇలా ఉండగా నందిగెడ్డ మున్సిపాలిటీకి కొత్త కమిషనరు గారు వచ్చారు. ఆయన ఏ ఊరు వెళితే ఆ ఊరికి ఒక పథకం ఇచ్చిగాని వదలరని పేరు. పట్టణంలో ఇళ్ళ అమ్మకాలు ఎందుకు మందగించాయని ఆయన సర్వే చేయించారు. తూర్పు వాకిలి ఇళ్ళు కొనేవాళ్ళకి దొరకడం లేదనీ, తక్కినవి అమ్మేవాళ్ళకి వదలడం లేదనీ తేలింది. వారం తిరక్కుండా టౌన్ హాల్లో సభ పెట్టారు. తవిటయ్య వెనక వరసలో కూచుని విన్నాడు.

"పురజనులారా! మన పట్టణంలో మూడువంతుల గృహములు నేటికీ తూర్పునకు నోచుకోలేదు. ఈ దుస్థితికి కారకులెవరు? ప్రకృతి! ప్రకృతి కొందరికి తూర్పు ఇచ్చి కొందరికి దక్షిణం ఇచ్చింది. ప్రకృతి చేసిన పక్షపాతాన్ని పరిపాలన సరిదిద్దుతుంది. నేటి నుంచి గృహము యొక్క దిక్కు, ధ్రువపత్రములో పేర్కొన్న దిక్కు మాత్రమే. పథకం పేరు, అందరికీ తూర్పు!"

చప్పట్లు మోగాయి. అందరికంటే గట్టిగా కొట్టినవాడు తవిటయ్యే.

మర్నాడు పొద్దున్నే మున్సిపల్ ఆఫీసులో కొత్తగా వెలసిన దిక్కుల విభాగం ముందు వరసలో నిలబడ్డాడు. సూపరింటెండెంటు వాచస్పతి గారు కళ్ళజోడు ముక్కు చివరికి దించి దరఖాస్తు చూశారు.

"సదరు గృహము ప్రస్తుతము ఏ దిక్కుగా ఉన్నది?"

"దచ్చినం అండి."

"రుజువు?"

"రుజువేటండి బాబూ! గుమ్మంలో నిలబడితే పొద్దున్న ఎడం పక్కన సూరీడు లేస్తాడు."

"సూర్యుడు మా రికార్డుల్లో లేడు. ఇరుగుపొరుగు వారిలో ఇద్దరి చేత వాంగ్మూలం ఇప్పించండి."

ఎదురింటి సింహాచలం తాతా, పక్కింటివాళ్ళూ వచ్చి, ఈ ఇల్లు పుట్టినప్పట్నించీ దక్షిణం చూస్తోందని సంతకాలు పెట్టారు. వాచస్పతి గారు తృప్తిపడి తరువాతి కాగితం తిరగేశారు. అక్కడ ఆగిపోయారు.

"గృహ యజమాని నూకరత్నము అని ఉన్నది. తమరు నూకరత్నము కారు."

"మా యావిడండి. ఇల్లు ఆవిడ పేర రాసినాను."

"ఆమె స్వయంగా విచ్చేసి యంత్రము మీద వేలిముద్ర వేయవలెను."

"మోకాళ్ళు నొప్పులండి, మెట్లు దిగలేదు. అందుకే గదండీ ఇల్లమ్ముతున్నాను. ఆ మిషనేదో బేగి ఒకపాలి మా ఇంటికి తెస్తే..."

"యంత్రము కార్యాలయ ఆవరణ దాటరాదు." వాచస్పతి గారు కాసేపు ఆలోచించారు. మనసులో మంచివారే, నిబంధనలు అడ్డొస్తాయి తప్ప. "ఒక మార్గమున్నది. తొంభై రోజులకు తాత్కాలిక తూర్పు మంజూరు చేసెదను. గడువులోగా వేలిముద్ర పడిన యెడల శాశ్వత తూర్పు. పడని యెడల గృహము యథాస్థితికి వచ్చును."

సాయంత్రానికి గేటుకి నీలం రేకు బిగించి వెళ్ళారు. 'ఈ గృహము తూర్పు ముఖము' అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 'తాత్కాలికము' అని ఉంది. ఇల్లు మాత్రం ఒక్క అంగుళం కదలకుండా తూర్పు తిరిగింది.

రేకు ప్రభావం రెండు వారాల్లో కనిపించింది. సిమెంటు కొట్టు మల్లేసు వచ్చాడు, రేకు చదివాడు, ఫోను జేబులోంచి తియ్యనేలేదు. "నాకు కాయితం ముక్యం మావా. కాయితంలో తూర్పంటే తూర్పే. ఆషాడం ఎల్లగానే రిజిస్ట్రీ సేసుకుందాం" అన్నాడు. తవిటయ్య పరుగున పోయి ఆదిలక్ష్మి టీచరుకి చెప్పి వచ్చాడు. నూకరత్నం ఆ రోజు పాయసం వండింది. ఈసారి ఏలకులు నిజంగా పాయసంలోనే పడ్డాయి.

పాయసం అరక్కముందే వాచస్పతి గారు టేపు పట్టుకుని పదకొండు మెట్లూ ఆయాసపడుతూ ఎక్కి వచ్చారు.

"అనుబంధ తనిఖీ. వాకిలి తూర్పైన మీదట, లోపలి మూలలు కూడా ఆ ప్రకారమే మారును గదా. తమ వంటిల్లు ఇంతవరకు ఆగ్నేయంలో ఉండెడిది. ఇప్పుడు ఈశాన్యంలో ఉన్నది. ఈశాన్యంలో నిప్పు నిషిద్ధము. ముప్పై దినములలో తరలించవలెను."

"మా పొయ్యి ఎక్కడకీ కదల్లేదు బాబూ" అంది నూకరత్నం.

"పొయ్యి కదలలేదమ్మా. ఈశాన్యం కదిలి వచ్చింది."

"దేవుడి గదో?"

"వాయవ్యము."

"మరుగుదొడ్డి?"

వాచస్పతి గారు తల వంచుకున్నారు. "నైరుతిలో ఉన్నది. యజమాని స్థానమమ్మా. అంతకంటే దోషం శాస్త్రంలో లేదు."

తవిటయ్య మనసులో లెక్క కట్టాడు. వంటిల్లు పగలగొట్టి, మరుగుదొడ్డి మార్చి, దేవుణ్ణి లేవదీసేసరికి శ్రావణం కాదు, మళ్ళీ ఉగాది వస్తుంది. ముప్పై రెండేళ్ళ సర్వీసులో నేర్చుకున్నది ఒక్కటే, బస్సంతా ఒకే ఊరు వెళ్ళక్కర్లేదు, ఎవరి టికెట్టు వాళ్ళకి కొట్టొచ్చు. ఆ మాటే అన్నాడు. "అయ్యా, వాకిలి తూర్పుగా ఉండనీండి. వొంటింటికి పాత దిక్కే ఉంచీండి. గదికో టికెట్టు కొట్టీండి."

వాచస్పతి గారి మొహం వెలిగిపోయింది. ఆ సూచన కమిషనరు గారి దాకా వెళ్ళి, 'గదుల వారీ దిక్కుల విధానం' అనే పేరుతో పట్టణమంతటికీ ఉత్తర్వుగా తిరిగి వచ్చింది. తవిటయ్య ఇంట్లో ప్రతి గది తలుపు మీదా ఒక రేకు బిగించారు. వంటిల్లు ఆగ్నేయం, పడకగది నైరుతి, మరుగుదొడ్డి వాయవ్యం, దేవుడి గది ఈశాన్యం, వాకిలి మాత్రం తూర్పు.

"హాల్లో తూర్పొకటి, వొంటింట్లో తూర్పొకటి. దీపం ఎటేపు పెట్టాలయ్యా?" అని అడిగింది నూకరత్నం.

"ఏ గదిలో ఉంటే ఆ గది తూర్పుకి పెట్టు" అన్నాడు తవిటయ్య. అన్నాక తనకే భయం వేసింది, ఆ మాట తనకి సబబుగా తోచినందుకు.

జ్యేష్ఠమాసం దాటేసరికి నందిగెడ్డలో తూర్పు జ్వరం పట్టుకుంది. తవిటయ్య వీధిలో అటు వరసా ఇటు వరసా ఎదురెదురుగా నిలబడి, రెండూ తూర్పునే చూస్తున్నాయి. కాటికి పోయే దారి పక్కనున్న టీ బడ్డీ కూడా తూర్పైంది. అంతలో ఫిర్యాదులు మొదలయ్యాయి. తూర్పు ధ్రువపత్రం ఇచ్చారుగాని ఇంటి ముందు సూర్యుడు లేవడం లేదని జనం అర్జీలు పెట్టారు. మొదట 'సూర్యోదయము పురపాలక సంఘ పరిధిలోనిది కాదు' అని జవాబులు వెళ్ళాయి. తరువాత కమిషనరు గారి గుండె కరిగింది. ధ్రువపత్రం పొందిన ప్రతి గుమ్మం ఎదుటా స్తంభం పాతి, దానికి కాషాయరంగు దీపం తగిలించి, ఉదయం ఆరింటికి వెలిగించి తొమ్మిదింటికి ఆర్పే ఏర్పాటు చేశారు. మబ్బు పట్టినా నందిగెడ్డలో సూర్యోదయం ఆగలేదు. కరెంటు పోతే ఆగింది.

ఆ వెంటనే దిక్సూచుల మీద నిషేధం వచ్చింది. 'అనధికార ఉత్తరమును చూపు సాధనములు' కలిగి ఉండడం నేరమన్నారు. హైస్కూలు సైన్సు ల్యాబులో అయస్కాంతాలకి సీలు వేశారు.

ఆషాఢం చివరి వారంలో మల్లేసు వచ్చాడు. ఈసారి మెట్లెక్కలేదు. గేటు దగ్గరే నిలబడి కాలితో మట్టి గీరుతూ మాట్లాడాడు.

"ఏటనుకోకు మావా. ఊరంతా తూర్పయిపోనాక నీ తూర్పు గొప్పేటి? ఇప్పుడు అందరూ ఒరిజినల్ తూర్పు అడుగుతన్నారు. నీదేమో అందులోనూ తాత్కాలికం, సిన్నక్షరాల్లో రాసుంది. మా యావిడ భూతద్దమెట్టి సదివింది."

"కాయితం ముక్యమన్నావు గదరా మల్లేసూ!"

"అన్నాను. ఇప్పుడందరి దగ్గరా కాయితముంది గద మావా."

మల్లేసు వెళ్ళిపోయాడు. పైన గుమ్మంలో నూకరత్నం అంతా విన్నది. లోపలికి పోయి, టీచరు ఇంటికి తీసుకెళదామని కట్టి పెట్టుకున్న గిన్నెల మూట విప్పి మళ్ళీ అటక కింద సర్దింది. ఆ గిన్నెల చప్పుడు వింటుంటే తవిటయ్యకి ఏడుపొచ్చింది. శుక్రవారానికి పది రోజులే ఉంది.

ఆ మూడో నాడు తెల్లవారి ఎదురింటి సింహాచలం తాత పోయాడు. తొంభై ఒకటి నిండిన మనిషి, నిద్రలోనే పోయాడు. కొడుకు ఎర్రన్న తండ్రిని దించి, అందరిలాగే దక్షిణం తలాపి చేసి పడుకోబెట్టాడు. ఇంతలో మరణం నమోదు చేసుకోడానికి వార్డు ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఈ గృహ రికార్డు ప్రకారం మీరు శిరస్సు పెట్టినది పడమర. మీ దక్షిణం గోడ అటున్నది" అని అసలైన తూర్పు గోడ చూపించాడు. అటు తిప్పితే పురోహితుడు ఒప్పుకోడు. ఇటు ఉంచితే ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టడు. సంతకం లేకపోతే శ్మశానంలో గేటు తియ్యరు. తాతని ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పారు. బతికుండగా ఆయన అన్నిసార్లు పక్క మార్చి ఎరగడు.

ఎర్రన్నకి తోడుగా తవిటయ్య మున్సిపల్ ఆఫీసుకి పరిగెత్తాడు. వాచస్పతి గారు వివరంగా చెప్పారు.

"తాత్కాలిక దక్షిణ అనుమతి అని నమూనా ఉన్నది. మూడు దినములకు ఇవ్వవచ్చును. కాని తాత్కాలిక దక్షిణము ఇవ్వవలెనన్న, పట్టణంలో ఒక ప్రామాణిక దక్షిణము ఉండవలెను. దానికి నకలుగా మాత్రమే ఇవ్వగలము. దురదృష్టవశాత్తూ పథకం నూటికి నూరు శాతం విజయవంతమైనది. పట్టణంలో దక్షిణం మిగలలేదు."

"పీనుగు ఇంట్లో ఉంది బాబూ!" అన్నాడు ఎర్రన్న.

"పై అధికారులకు నివేదించితిమి. పొరుగు మున్సిపాలిటీ నుంచి దక్షిణం అరువు తెచ్చు అవకాశములు పరిశీలనలో ఉన్నవి."

తవిటయ్య ఇంటికి వచ్చేసరికి నూకరత్నం అన్నిటికంటే పై మెట్టు పట్టుకుని కూచుని ఏడుస్తోంది. "ఇరవయ్యారేళ్ళు ఎదురుగుండా ఉన్న మనిసయ్యా. నా పిల్లలికి జొరమొస్తే రాత్రుళ్ళు బుజాన్నేసుకుని పరిగెత్తినోడు. ఆఖరి సూపుకి దిగలేకపోతన్నాను. ఆ బట్టతలే గేపకముంది గాని మొకం గేపకం రావట్లేదు."

అప్పుడు తవిటయ్యకి కోపం వచ్చింది. వాస్తు పెద్దమనిషి మీద, కమిషనరు మీద, అన్నిటికంటే ఎక్కువగా తన మీద. గేటుకున్న నీలం రేకుని పీకి పారేద్దామని పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది. చీమ తలకాయంత అక్షరాల పక్కన ఒక తేదీ ఉంది. వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. తొంభై రోజులు నిన్నటితో పూర్తయ్యాయి. వేలిముద్ర పడలేదు.

రేకు తీసుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి వాచస్పతి గారి బల్ల మీద పెట్టాడు.

"అయ్యా, తవరు సెప్పినారు. వేలిముద్ర పడకపోతే ఇల్లు ఎప్పట్లాగయిపోద్దని. మా యావిడ మెట్లు దిగలేదు. దిగలేకపోయింది. ఇయాళ్టికి మా ఇల్లేటి?"

వాచస్పతి గారు ఫైలు తీశారు, తేదీ చూశారు, వాంగ్మూలాలు చూశారు. లేచి నిలబడ్డారు.

"యథాస్థితి! సదరు గృహము పుట్టుక నుంచి దక్షిణముఖమని స్వయంగా మరణించిన వ్యక్తే సంతకం చేసి ఉన్నారు. నందిగెడ్డ పట్టణంలో చట్టబద్ధంగా మిగిలిన ఏకైక దక్షిణము తమదే!"

గంటలో దిక్కుల విభాగం మొత్తం వీధిలోకి దిగింది. తవిటయ్య గడపకి మేకు కొట్టి, దారం కట్టి, మెట్ల మీదుగా, వీధి మీదుగా, తిన్నగా ఎదురింట్లో తాత పడుకున్న చోటికి లాక్కుపోయారు. దారం ఎటు పోతే అటు దక్షిణమని వాచస్పతి గారు ప్రకటించారు. తల అటు తిప్పారు. అది ఎర్రన్న పొద్దున్న మొదట పడుకోబెట్టిన వైపే. తాతని మోసుకుపోతూ, పాడెని తవిటయ్య మెట్ల కింద ఒక్క నిమిషం ఆపి, మొహం మీద గుడ్డ తీశారు. నూకరత్నం పైనుంచి చేతులు జోడించింది.

ఆ తరువాత దారాలు ఆగలేదు. ఊళ్ళో ఎవరు పోయినా దక్షిణం ఇక్కణ్ణించే వెళ్ళాలి. బతికున్నవాళ్ళకీ కావాల్సి వచ్చింది, మంచం తలాపి సరిచూసుకోడానికి. ఆదివారం నాటికి తవిటయ్య గేటుకి నలభై మూడు దారాలు కట్టి ఉన్నాయి. కాకులు వాటి మీద వాలడం మొదలుపెట్టాయి.

సోమవారం కమిషనరు గారే వచ్చారు. పదకొండు మెట్లూ ఎక్కారు, గడప ముందు ఒక్క క్షణం తటపటాయించి, కుడికాలు పెట్టి లోపలికి వచ్చారు.

"దక్షిణం ప్రజల ఆస్తి. దానిని ప్రైవేటు వ్యక్తుల అధీనంలో ఉంచుట శ్రేయస్కరం కాదు. ఈ గృహాన్ని ప్రామాణిక దక్షిణ కేంద్రంగా పురపాలక సంఘం సముచిత ధరకు కొనుగోలు చేయ నిశ్చయించినది. తమ అభ్యంతరములు ముప్పై దినములలో..."

"అబ్యంతరాలేవీ నేవు బాబూ. శుక్రారం లోపల రిజిస్ట్రీ అయిపోవాలి. అదొక్కటే" అన్నాడు తవిటయ్య.

"యజమాని స్వయంగా విచ్చేసి యంత్రము మీద..."

"మిషను ఇక్కడికి..."

"ఆవరణ దాటరాదు" అన్నారు కమిషనరు గారూ వాచస్పతి గారూ ఒక్క గొంతుతో.

తవిటయ్య ఏదో అనబోయాడు. నూకరత్నం కుర్చీలోంచి లేచింది. "దిగుతానయ్యా. ఈపాలి ఆసుపత్రికి కాదు గదా. ఒక్కపాలి దిగితే మరి ఎక్కే పని నేదు."

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి, ఎదుటి స్తంభం మీద కాషాయ సూర్యుడు ఆరిపోగానే, ఆమె గోడ మీద ఒక చెయ్యీ మొగుడి భుజం మీద ఒక చెయ్యీ వేసి దిగడం మొదలుపెట్టింది. కట్టినవాడు లెక్కపెట్టినట్టే తనూ లెక్కపెట్టింది. లాభం. ఆగి ఊపిరి తీసుకుంది. నష్టం. లాభం. నష్టం. వీధివాళ్ళంతా మెట్ల కింద మూగారు.

ఆరో మెట్టు మీద వాచస్పతి గారు ఎదురొచ్చారు. ఆయన్ని దక్షిణ కేంద్రానికి అధికారిగా వేశారు. నెత్తి మీద కుర్చీ, చంకలో ఫైళ్ళు, వెనక బల్ల మోసుకొస్తూ ఇద్దరు. "త్రోవ, త్రోవ" అంటున్నారు.

"దిగేవోళ్ళని దిగనీండి!" అని తవిటయ్య గట్టిగా అరిచాడు. ముప్పై రెండేళ్ళ గొంతు అది. సూపరింటెండెంటుతో సహా బల్ల గోడకి అంటుకుపోయింది.

నూకరత్నం దాటుతుంటే వాచస్పతి గారు తవిటయ్య చెవి దగ్గరకి వంగారు. "ఒక్క మాట. నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నారు. రోజంతా దక్షిణం గుమ్మంలో కూచోవలసిన వాడిని. ఈ కార్యాలయానికి రహస్యంగా కొంచెం తూర్పు మంజూరు చేయించుకొను మార్గమేమైనా..."

"దరకాస్తు పెట్టండి బాబూ. రుజువు కూడా తెండి. సూరీడు సాలడు" అన్నాడు తవిటయ్య.

లాభం. నష్టం. లాభం. నష్టం. నూకరత్నం ఆఖరి మెట్టు మీద నిలబడి, కళ్ళు మూసుకుని, కాలు నేల మీద పెట్టి, "లాభం" అంది. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా కూరల తట్టతో వరాలు నిలబడి ఉంది. నూకరత్నం ఆమె గడ్డం పట్టుకుని మొహం ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఓలమ్మా వరాలూ, ముక్కుపుడకెప్పుడెట్టించుకున్నావే?"